శవం నవ్వనన్న రోజు

శేషారత్నం ఇప్పటికి మూడు వందల మందికి పైగా చచ్చినవాళ్ల మీద పడి ఏడ్చింది. వాళ్లంతా ఆ తర్వాత లేచి, ఒంటి మీది పూలు దులుపుకుని, భోజనాల దగ్గర ఆవిడకంటే ముందు వరసలో నిలబడ్డారు. ఆ సంగతి మీద మాత్రం ఆవిడకు ఇప్పటికీ కోపమే. గొంతు పోయేలా ఏడ్చింది తానైతే, హాయిగా పడుకున్నవాడికి ముందు గారె వడ్డించడమేమిటని వంటవాళ్లతో వాదిస్తుంది.

కృష్ణానగర్‌లో ఆవిడను ఏడుపు రత్నం అంటారు. ఆవిడ దానికి నొచ్చుకోదు సరికదా, ఎవరైనా ఉత్త రత్నం అంటే ఏ రత్నమని ఎదురడుగుతుంది. కళ్లలో గ్లిజరిన్ చుక్కలు వెయ్యక్కర్లేదు. యాక్షన్ అనడం ఆలస్యం, ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. దర్శకుడు కోరితే ఒక్క కన్నే. ముప్ఫై ఏళ్ల కిందట తణుకు నుంచి హీరోయిన్‌కి అక్క వేషం వేద్దామని వచ్చిన మనిషి. అక్క వేషం రాలేదు, పిన్ని వేషం రాలేదు, పాడె పక్కన కూర్చునే మూడో ఆడమనిషి వేషం వచ్చింది. వచ్చినదాన్ని వదల్లేదు. ఇవాళ యాభై ఎనిమిదేళ్ల వయసులో పాడె పక్కన మొదటి ఆడమనిషి ఆవిడే. దాన్ని ఆవిడ ప్రమోషన్ అంటుంది.

ఆవిడ కింద వాటాలో ఉంటే, అదే ఇంటి మూడో అంతస్తు మీది రేకుల గదిలో క్రాంతికుమార్ ఉండేవాడు. ఇరవై నాలుగేళ్లవాడు, జనగామ పక్క పల్లె. నటుడవుదామని వచ్చి రెండేళ్లయింది. వాడికి ఎవరి గొంతైనా ఇట్టే పట్టుబడేది. పాలవాడి గొంతుతో ఇంటి ఓనర్‌ను కిందికి పిలిచి, ఓనర్ గొంతుతో పాలవాణ్ని తిట్టేవాడు. రత్నం ఏడుపును రత్నం ఎదుటే ఏడ్చి చూపించేవాడు. “వెధవ, నాకంటే బాగా ఏడుస్తున్నాడు, నా పొట్ట కొడతాడు” అని ఆవిడ మురిసిపోయి వాడి పళ్లెంలో ఇంకో దోసె వేసేది. వాడు ఆవిడను పెద్దమ్మా అనేవాడు.

అలాంటివాడు రెండు నెలలుగా ముడుచుకుపోయాడు. మెట్ల మీద కనిపిస్తే తలొంచుకుని పోయేవాడు. రత్నం చూడకపోలేదు. చూసి, తనకు తెలిసిన రోగాలన్నీ వాడికి అంటగట్టింది. ప్రేమలో పడ్డాడంది. రక్తం తక్కువైందంది. హోటల్ తిండంది. ప్రాణంగా చూసుకునే తెల్ల బూట్లను వాడు రెండో అంతస్తు ఫైటర్ సాయిశ్రీనివాస్‌కు ఊరికే ఇచ్చేస్తే, దానకర్ణుడు వెలిశాడని నవ్వింది. వేషాల్లేక దిగులు పడ్డాడని చివరికి తేల్చుకుని, తనకు చేతనైన మందు వెతికింది. ప్రొడక్షన్ మేనేజర్ అరవింద్‌ను పట్టుకుని, వారం రోజులు వెంటపడి, వాడికొక వేషం ఇప్పించింది.

శవం వేషం.

అంత చిన్నచూపు చూడకండి, శవమైనా క్లోజప్పే. సినిమాలో హీరో తమ్ముడు. రెండున్నర నిమిషాల పాటు తెర నిండా వాడి మొహమే ఉంటుంది, పక్కన ఏడ్చేది సాక్షాత్తూ రత్నం. ఇంతకంటే మంచి మొదలు ఎవరికుంటుందని ఆవిడ వీధంతా చాటింది.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో, సినిమాలకు అద్దెకిచ్చే ఒక బంగళాలో. ఆ రోజు మేడ మీద వేరే సినిమావాళ్ల పెళ్లి పాట, కింద వీళ్ల చావు. మేడ మీద సన్నాయి మొదలైతే కింద ఏడుపు ఆపాలి, కింద ఏడుపు మొదలైతే మీద అక్షింతలు ఆపాలి. రెండు యూనిట్లకూ ఒకటే బాత్‌రూం. పెళ్లికొడుకు, నలుగురు పాడె మోసేవాళ్లు ఒకే వరసలో నిలబడి క్రికెట్ స్కోరు మాట్లాడుకుంటున్నారు. ఆ సందడిలోనే రత్నం “నా బంగారు కొండా, ఎవరికి చెప్పి పోయావురా” అని అందుకుంటే, కెమెరా అసిస్టెంట్ కళ్లు తుడుచుకున్నాడు. ఒకే టేకు. దర్శకుడు కట్ చెప్పి చప్పట్లు కొట్టాడు.

ఇక మిగిలింది నవ్వే. శవం వేసినవాడు షాటయ్యాక లేచి కూర్చుని, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ ముక్క సినిమాలో పెట్టరు, అయినా తీసి తీరతారు. కెమెరాలో ఆ మనిషి ఆఖరి బొమ్మ పోయినట్టుగా మిగిలిపోకూడదని పాతకాలం నుంచీ ఉన్న ఆచారం. పది సెకన్ల పని, కొత్తవాళ్లయితే సిగ్గుతో ఇంకాస్త ముందే నవ్వేస్తారు.

క్రాంతి లేవలేదు. నిద్రపోయాడనుకున్నారు, అదీ మామూలే, గురక పెట్టిన శవాల మీద పడి ఏడ్చిన అనుభవం రత్నానికి ఉంది. అరవింద్ భుజం తడితే కళ్లు తెరిచాడు. మెల్లిగా లేచి కూర్చున్నాడు. కెమెరా వైపు చూశాడు. నవ్వలేదు.

కొంచెం నవ్వు నాయనా అన్నారు. నోరు తెరిచాడు, పళ్లు కనబడ్డాయి, దాన్ని నవ్వు అనడానికి కెమెరామన్ ఒప్పుకోలేదు. అరవింద్ చక్కిలిగింతలు పెట్టాడు. కో-డైరెక్టర్ తన ఉద్యోగం మీద ఆశ వదులుకుని దర్శకుడి నడకను నడిచి చూపించాడు. మేడ మీది పెళ్లికొడుకు సంగతి విని, తలపాగాతో సహా దిగివచ్చి, పాడె చుట్టూ తన పాటకు మూడు స్టెప్పులేశాడు. యూనిట్ యూనిటంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది, నవ్వవలసినవాడు తప్ప. దర్శకుడికి చెమటలు పట్టాయి. వెనకటి సినిమాలో శవం వేసినవాడు బస్సు టైమైందని నవ్వకుండా వెళ్లిపోయాడట, ఆ సినిమా మూడో రోజుకే థియేటర్లోంచి వెళ్లిపోయిందట. రెండు గుమ్మడికాయలు తెప్పించి, ఒకటి కెమెరాకు, ఒకటి పాడెకు దిష్టి తీసి కొట్టించాడు. ముప్పావుగంట పోయింది. సినిమాకు ఏమవుతుందోనని అందరూ హడలిపోయారు. కుర్రాడికి ఏమైందని ఒక్కరూ అడగలేదు.

రత్నమూ అడగలేదు. దాచడమెందుకు, ఆవిడా ఆ తానులో ముక్కే. వాణ్ని ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే లెక్క. చూశావా, నేననుకుంటూనే ఉన్నాను, తెర నిండా మొహమని వీధంతా చెప్పుకున్నాను, అందరి కళ్లూ పడ్డాయి అని ఆవిడ దాదాపు సంతోషించింది. టీ పెట్టి ఇచ్చింది. ఇచ్చి, దోసె తిరగేస్తూ, అసలెందుకు నవ్వలేదురా అని మామూలుగానే అడిగింది.

క్రాంతి టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. “లేవబుద్ధి కాలే పెద్దమ్మా. గంతే.”

ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. రత్నం చేతిలోని అట్లకాడ అలాగే ఉండిపోయింది. తెల్ల బూట్లు గుర్తొచ్చాయి. వాటి వెనకే మంజులత గుర్తొచ్చింది.

మంజులత తొమ్మిదేళ్ల కిందట ఇదే ఇంట్లో ఉన్న డాన్సరు. ఒకరోజు తన నెమలికంఠం పట్టుచీర తెచ్చి, నీకు బాగుంటుందక్కా అని రత్నం చేతిలో పెట్టింది. రత్నం కట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, తెగ సంబరపడింది. చీర ఎందుకిస్తున్నావే అని అడుగుదామనుకుని, అడిగితే వెనక్కి తీసుకుంటుందేమోనని ఊరుకుంది. మూడో రోజుకు మంజులత లేదు. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆ ఊరుకున్న క్షణం రత్నం గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అడగాలి. అడగడానికి ఆవిడకు భయం వేసింది. సినిమావాళ్లకు నోటి మాటంటే శకునం, సెట్లో చావన్న మాటే అననివ్వరు. తానంటే, లేని ఆలోచనను తానే పుట్టించినట్టవుతుందేమో. అట్లకాడ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని, వాడి మోకాళ్లకు ఎదురుగా కూర్చుంది.

“ఒరేయ్ క్రాంతీ, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?”

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత తల ఊపాడు. “రెండు నెల్ల సంది” అన్నాడు.

ఛ ఛ అవేం మాటలు, మీ అమ్మ ఏమైపోతుంది, ఎంత చదివావు ఇందుకా అనే డైలాగులన్నీ రత్నం నాలుక చివరిదాకా వచ్చాయి. ముప్ఫై ఏళ్లుగా పాడెల పక్కన ఇవే కదా అన్నది. ఒక్కటీ వినాల్సినవాడికి వినబడదని అప్పుడే తట్టి, అన్నిటినీ మింగేసింది. “చెప్పావు, మంచి పని చేశావు. నేను ఇక్కణ్నుంచి కదలను” అంది.

ఆ మాటతో వాడికి నోరు పెగిలింది. నిద్ర పడ్తలేదన్నాడు, అన్నం మన్ను లెక్క ఉంటున్నదన్నాడు. వేషాలు రాకపోవడం ఒక్కటే కాదట, వేషం వచ్చినా ఇట్లనే ఉన్నదట. ఎందుకని అడిగితే తనకే తెలియదట. “ఎవ్వరి గొంతు వస్తలేదు పెద్దమ్మా. నా గొంతు సుత వస్తలేదు” అన్నాడు. గంటన్నర మాట్లాడాడు. రత్నం మధ్యలో ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు, ఆవిడ జీవితంలో అదొక రికార్డు.

జూనియర్ ఆర్టిస్టుల యూనియన్ ఆఫీసు గోడ మీద ఒక పోస్టరుంది, 14416 అని. మనసు బాగాలేనివాళ్లు ఏ వేళైనా చెయ్యొచ్చని రాసి ఉంటుంది. దాని పక్కనే వినాయక చవితి చందాల కాగితం అంటించింది రత్నమే కాబట్టి నంబరు గుర్తుంది. ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అవతల ఒక ఆడపిల్ల, చెప్పండమ్మా అని నెమ్మదిగా అడిగింది. అంతసేపు బిగబట్టుకున్నదంతా ఆ పలకరింపుకి తెగింది. రత్నం ఏడవడం మొదలుపెట్టింది. ఏడిస్తే మరి అల్లాటప్పాగా ఏడవదు కదా. ఆ అమ్మాయి కంగారు పడకుండా, మీరు ఎక్కడున్నారమ్మా, మీ పక్కన ఎవరైనా ఉన్నారా, మీకు ఎప్పట్నుంచి ఇలా అనిపిస్తోంది అని ఎంతో జాగ్రత్తగా రత్నాన్ని ఓదార్చడం మొదలుపెట్టింది. రత్నం కాదు కాదు అనబోయినా వెక్కిళ్లు అననివ్వలేదు. రెండు నిమిషాలు చూసి, చూసి, క్రాంతి ఫోన్ లాక్కున్నాడు.

“మేడం, ఆమె కాదు, నేను. నాకు మంచిగ లేదు. ఆమె ఆర్టిస్టు.”

అలా తన నోటితో తానే చెప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసరికి ఏం చెయ్యాలో ఒక దారి తెలిసింది. వాణ్ని ఒంటరిగా వదలొద్దంది ఆ అమ్మాయి. గదిలో ప్రమాదమనిపించేవేవీ ఉంచొద్దంది, ఇంటివాళ్లకు చెప్పమంది, పొద్దున్నే డాక్టరుకు చూపించమంది. సాయిశ్రీనివాస్ పైకెళ్లి గది సర్ది వచ్చాడు. నలుగురు రౌడీలను ఒక్కచేత్తో విసిరేసే మనిషి, దిగొచ్చి గుమ్మంలో నిలబడి, ఏమనాలో తెలియక, అన్నం తిన్నవా తమ్మీ అని మూడుసార్లు అడిగాడు.

మర్నాడు పొద్దున్నే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్లారు. ఓపీ వరసలో కూర్చుంటే ఇద్దరు ముగ్గురు రత్నాన్ని గుర్తుపట్టి, మీరు ఏడ్చే ఆంటీ కదా అని ఫోటోలు దిగారు. డాక్టరు పేరు సంహిత, రత్నానికి కూతురయ్యేంత వయసు. క్రాంతితో విడిగా చాలాసేపు మాట్లాడింది. ఇది బలహీనత కాదు, కామెర్లలాగా జబ్బే, నయమవుతుంది, మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, వారం వారం వచ్చి మాట్లాడాలి అంది. తర్వాత రత్నాన్ని పిలిచి, మీరు సూటిగా అడిగారటగా అంది. నేరం చేసినట్టు రత్నం చీర కొంగు మెలిపెట్టుకుంది. అడగబట్టే ఇవాళ ఇక్కడున్నాడు, అడిగితే ఆలోచన పుట్టదు, మోసే బరువు దిగుతుంది అంది డాక్టరు. రత్నం ఆ గదిలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి మంజులత పేరు పైకి అని, ఆ చీర సంగతంతా సాయిశ్రీనివాస్‌కు చెప్పింది.

క్రాంతి వాళ్లమ్మ మధ్యాహ్నం బస్సులో దిగింది, సంచిలో జొన్నరొట్టెలూ పుంటికూర పచ్చడితో. అబ్బాయి ముందు ఏడవకమ్మా అని రత్నం ముందే జాగ్రత్త చెప్పింది. ఆవిడ కొడుకును చూసి, తల నిమిరి, పక్కన కూర్చుని, రొట్టె తుంచి పెట్టింది. తలుపు చాటున వెక్కుతున్నది రత్నమే.

ఈ సంగతి అరవింద్ చెవిన పడింది. నవ్వని శవం మూలాన గుమ్మడికాయల ఖర్చు నా మెడకు చుట్టుకుందని నిన్నటిదాకా సణిగినవాడు, మొహం చెల్లక గంటసేపు వీధి చివరే తచ్చాడాడు. చివరికి తనకు వచ్చిన ఒకే ఒక్క విద్యతో వచ్చాడు. కాల్ షీట్ తెచ్చాడు. సినిమాలో ఏ ఆర్టిస్టు ఏ పూట ఎక్కడుండాలో రాసే కాగితం. మొదటి షెడ్యూలు పదిహేను రోజులు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది, క్రాంతితో నడక: సాయిశ్రీనివాస్. తొమ్మిది నుంచి, టిఫిను, మాత్రలు: రత్నం. ఇలా రాసి, ఇష్టమేనని క్రాంతి చేత తల ఊపించుకుని మరీ జూనియర్ ఆర్టిస్టుల ఫోన్ గ్రూపులో పెట్టాడు.

అదే పొరపాటైంది. పాతికేళ్లుగా గుంపు సీన్లు చేసినవాళ్లకు ఒక్కరుగా రావడం ఎలా చేతనవుతుంది? చెప్పిన టైముకంటే గంట ముందే ఇరవై రెండు మంది దిగారు. ఒకడు పేకముక్కలు తెచ్చాడు, ఒకావిడ పులిహోర తెచ్చింది, పోలీసు వేషం మధ్యలో వచ్చినవాడు యూనిఫారంతోనే వచ్చేసరికి ఓనర్ హడలిపోయి ఏ గదికో అడక్కుండా తాళాలన్నీ తెచ్చిచ్చాడు. మెట్ల నిండా చెప్పులే. క్రాంతి స్నానానికెళ్తే తలుపవతల ఒక ముసలాయన పౌరాణికం పద్యం ఎత్తుకునేవాడు, ఒంటరితనం అనిపించకూడదని. నాలుగో రోజుకు వాడు రత్నం దగ్గరకు వచ్చి, జర మందిని తగ్గించు పెద్దమ్మా, పాణం తీస్తున్నరు అన్నాడు, విసుక్కుంటూ. రెండు నెలల తర్వాత వాడికి విసుగొచ్చింది! రత్నం ఆ విసుగును పండగలా వీధంతా చెప్పుకుంది. డాక్టరమ్మ విని పడీపడీ నవ్వి, ఎవరు కావాలో అతన్నే ఎంచుకోమనండి అంది. నలుగురిని ఎంచుకున్నాడు. పద్యాల ముసలాయన అందులో ఉండటం ఎవరికీ అంతు చిక్కలేదు.

ఇదంతా సినిమాలోలాగా ఒక పాటలో బాగైపోలేదు. మూడు రోజులు బాగుంటే రెండు రోజులు మంచం దిగేవాడు కాదు. మాత్రలతో మొదట్లో నోరెండిపోయింది, మానేస్తానని అలిగాడు, డాక్టరు మందు మార్చింది. వాళ్లమ్మ ఇరవై రోజులుండి, పొలం పనులకు వెళ్లి, రోజూ ఫోన్ చేసేది. బాగానే ఉన్నాననేవాడు. ఎవరడిగినా అదే జవాబు. రత్నానికి లోపల్లోపల అదే బెంగ: ఎల్లకాలం నేనే కనిపెట్టి అడగలేను కదా, నేను చూడని రోజున ఏంటి?

ఇక్కడ రత్నం భాగ్యం గురించి ఒక ముక్క చెప్పాలి. రెండు నెలల తర్వాత, అరవింద్ పనిచేసే ఇంకో సినిమాలో ఆవిడకు వేషం వచ్చింది. శవం లేని వేషం. హీరోయిన్ స్నేహితురాలి తల్లి, నాలుగు డైలాగులు, అందులో ఒకటి నవ్వుతూ చెప్పాలి. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి కంపెనీ కారు ఇంటికొస్తుందన్నారు. పొద్దున్న ఆరింటికే జడ వేసుకుని, బుట్టల్లాంటి జూకాలు పెట్టుకుని, ఎరుపంచు పట్టుచీర కట్టి, ఆ నవ్వుతూ చెప్పే డైలాగును అద్దంతోనూ కుక్కర్‌తోనూ చెప్పుకుంటోంది. పదకొండింటికి కారు వచ్చి వీధి మొగలో నిలబడింది. ఆవిడ గడప దాటబోతుంటే క్రాంతి మెట్లు దిగి వచ్చాడు.

“పెద్దమ్మా, ఇయ్యాల మంచిగ లేదు. మల్ల గవ్వే ఆలోచనలొస్తున్నయి. ఒక్కణ్ని ఉండబుద్ధయితలేదు.”

రత్నం గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకుంది. ఆ వెంటనే, ఏమైందో ఆవిడకే తెలియదు, నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, జూకాలు ఊగిపోయేలా నవ్వింది. క్రాంతి బిత్తరపోయాడు.

“నేను మంచిగ లేనంటే నవ్వుతవేంది?”

“అడక్కుండా చెప్పావురా” అంది రత్నం. “మూడంతస్తులు నీ కాళ్లతో నువ్వే దిగొచ్చి చెప్పావు.”

 అంటూనే డాక్టరమ్మకు ఫోన్ కలిపింది, వెంటనే తీసుకురమ్మంది ఆవిడ. తర్వాత అరవింద్‌కు చేసి, నేను మధ్యాహ్నానికి వస్తాను, ఆగగలిగితే ఆగండి, లేకపోతే ఇంకెవరినైనా చూసుకోండి అని చెప్పింది. ముప్ఫై ఏళ్ల ఆశ మరి, ఫోన్ పెట్టేస్తూ జూకాలు ఒకసారి తడుముకుంది. వాడి చెయ్యి పట్టుకుని వీధి మొగకు నడిచింది. పట్టుచీర, జూకాలు, మొహాన మేకప్పు, పక్కన మాసిన టీ షర్టులో కుర్రాడు. డ్రైవర్ తలుపు తీసి, స్టూడియోకేనా అమ్మా అన్నాడు. ఎర్రగడ్డ ఆసుపత్రికి పోనీ నాయనా అంది రత్నం.

క్రాంతి కారు దగ్గర ఆగిపోయాడు. “మరి నీ వేషం?”

“పోతే ఇంకోటి వస్తుంది. ఎక్కు.”

క్రాంతి కారెక్కాడు.